చెల్క భూముల విజ్ఞానం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పంటలు, నీళ్లు, మనుషులపై పరిశోధనలు

కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డగా పేరుపడ్డ గద్వాల, కృష్ణ దాటితే వనపర్తి, అక్కడి నుంచి నల్లమల అడవి దాకా నాగర్‌కర్నూల్. ఈ మూడూ 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాను విడదీయగా ఏర్పడ్డ జిల్లాలు. ఎక్కువ భాగం ఎర్ర చెల్క, అక్కడక్కడ నల్లరేగడి. వానలు తక్కువ, పడినా నమ్మకం లేదు. ఆముదం, జొన్న, పల్లి, పత్తి ఇక్కడి పాత పంటలు. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి వాటికి తోడైంది.

పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, వైద్యం అనే నాలుగు రంగాల్లో గత అరవై డెబ్బై ఏళ్లలో వచ్చిన మలుపులు కొన్ని ఈ పంటల మీదుగా, ఇక్కడి బోరునీళ్ల మీదుగా, ఇక్కడి జనం తినే రొట్టె మీదుగా నడిచాయి. పరిశోధన కొంత నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో, చాలావరకు హైదరాబాద్‌లో, మిగిలింది గుజరాత్, జర్మనీ, అమెరికా, జపాన్ వంటి చోట్ల జరిగింది. దాదాపు అన్నిటిలోనూ ఒక తీరు కనిపిస్తుంది. పొలంలోనో ఒంట్లోనో తలెత్తిన చిక్కు ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడ దొరికిన జవాబు తిరిగి పొలానికి వచ్చేసరికి కొత్త చిక్కు ఒకటి బయటపడుతుంది.

ఆముదం: గెల నుంచి నైలాన్ దాకా

బిజినేపల్లి మండలం పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదం, జొన్న వంగడాలకు పేరు తెచ్చుకున్నది. క్రాంతి, కిరణ్, హరిత రకాలు, పీసీహెచ్-111, పీసీహెచ్-222 సంకరాలు ఇక్కడివే. సంకర ఆముదానికి ఆధారం ఆ మొక్క పూత తీరు. మామూలు గెలలో పైభాగాన ఆడపూలు, కిందిభాగాన మగపూలు ఉంటాయి. మొత్తం ఆడపూలే పూసే వరుసలు దొరికాక చేత్తో మగపూలు తీసే పని లేకుండానే సంకర విత్తనం తయారు చేయడం వీలైంది. 1968లో గుజరాత్‌లో విడుదలైన జీసీహెచ్-3 ఆ దారిలో వచ్చిన తొలి సంకరం. ఎండ ముదిరితే ఆడ వరుసల్లోనూ మగపూలు తొంగిచూస్తాయి. విత్తన చేనులో అలాంటి మొక్కల్ని ఏరి పారేయకపోతే సంకరం కలుషితమవుతుంది.

గెల పూత మీదున్నప్పుడు నాలుగు రోజులు ముసురు పట్టిందా, బూజు తెగులు గెలనంతా బూడిదరంగు దూదిలా కమ్మేస్తుంది. 1987లో తెలుగు నేల మీద ఆముదాన్ని ఊడ్చిపెట్టింది ఇదే. దీన్ని పూర్తిగా తట్టుకునే రకం ఇప్పటికీ రాలేదు. కాయలు ఒత్తుగా కాక వదులుగా అమరిన గెలలో తేమ త్వరగా ఆరుతుంది గనుక వంగడాల ఎంపికలో ఆ లక్షణాన్ని చూస్తారు. ఆకులు కొరికే దాసరి పురుగుకు మాత్రం మంచి మందు దొరికింది. హైదరాబాద్ నూనెగింజల పరిశోధన సంస్థలో పి.ఎస్. విమలాదేవి బృందం బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో డీఓఆర్ బీటీ-1 పేరిట పిచికారీ మందు తయారు చేసింది. తర్వాతి కాలంలో బీటీ పత్తి అని ఊరూరా వినబడిన మాటలోని బీటీ ఈ బాక్టీరియా పేరే.

ఆముదం నూనెకు పరిశ్రమలో ఉన్న విలువంతా రిసినోలియిక్ ఆమ్లం వల్ల. నూనెలో 85 నుంచి 90 శాతం అదే. పద్దెనిమిది కర్బన పరమాణువుల గొలుసు మీద తొమ్మిదో చోట జంట బంధం, పన్నెండో చోట హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. వంటనూనెల్లోని కొవ్వు ఆమ్లాల్లో ఆ హైడ్రాక్సిల్ ఉండదు. నూనె చిక్కగా ఉండడానికి, ఆల్కహాల్‌లో కరగడానికి, రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని కావలసిన చోట తెంపగలగడానికి అదే కారణం. తగిన వేడిలో తెంపితే పదకొండు కర్బనాల ముక్క వస్తుంది. దాన్నుంచి నైలాన్-11 తయారవుతుంది. లారీల ఎయిర్ బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టాలు, ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్ పొడి దీనితో చేస్తారు. గాఢ క్షారంతో వేడిచేస్తే పది కర్బనాల సెబాసిక్ ఆమ్లం వచ్చి నైలాన్-6,10కు ముడిసరుకవుతుంది. హైడ్రోజన్ ఎక్కిస్తే వచ్చే ఆమ్లం లిథియంతో కలిసి బండి చక్రాల బేరింగుల్లో పెట్టే గ్రీజు అవుతుంది. పెట్రోలియం అక్కర్లేని ప్లాస్టిక్కుల కోసం వెతికేవాళ్ల జాబితాలో ఆముదం ఎప్పుడూ ముందుంటుంది.

వైద్యంలో దాని కథ ఇంకా పాతది. కడుపు శుభ్రానికి ఆముదం తాగించని తెలుగిల్లు ఒకప్పుడు లేదు. అది ఎలా పనిచేస్తుందో అణువు స్థాయిలో తేలింది మాత్రం 2012లో. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు రిసినోలియిక్ ఆమ్లం పేగు కండరాల మీది ఈపీ3 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుందని చూపించారు. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు ఆముదం ఎంత పట్టినా విరేచనం కాలేదు. గర్భాశయ కండరాల మీదా అదే గ్రాహకం పనిచేస్తుందని తేలడంతో నిండు చూలాలికి ఆముదం పట్టే పాత అలవాటు వెనకున్న కారణమూ తెలిసింది. కేన్సర్ మందు పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు గనుక దాన్ని నరానికి ఎక్కించడానికి ఆముదం నుంచి చేసిన ద్రావకమే మొదట దిక్కైంది. ఆ ద్రావకం కొందరికి పడక ఎలర్జీ వస్తోందని ఆల్బుమిన్ ప్రోటీన్‌లో మందును చుట్టే పద్ధతి కనిపెట్టారు. అది 2005లో అమెరికాలో ఆమోదం పొందింది.

గింజలో నూనెతో పాటు రైసిన్ అనే విషమూ ఉంటుంది. నూనెలోకి అది రాదు, చెక్కలో మిగిలిపోతుంది. అందుకే ఆముదపు చెక్కను పొలానికి ఎరువుగా వేస్తారు తప్ప పశువులకు పెట్టరు. 1987లో జపాన్ శాస్త్రవేత్తలు ఎండో, సురుగి దాని గుట్టు విప్పారు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అడెనిన్‌ను రైసిన్ పెరికేస్తుంది. రైబోజోమ్ పని ఆగిపోవడానికి అది చాలు. 2010లో ఆముదం జన్యుపటం అచ్చయ్యాక రైసిన్ జన్యువుల కుటుంబమంతా వెల్లడైంది. రైసిన్ తక్కువుండే ఆముదం కోసం వెతుకులాట అప్పటి నుంచి సులువైంది.

ఇంత గిరాకీ ఉన్న పంట పాలమూరులో మాత్రం తగ్గిపోయింది. ప్రపంచపు ఆముదంలో సింహభాగం భారత్‌ది, అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. కాలువ నీళ్లు చేరిన ఊళ్లలో ఆముదపు చేలు చాలావరకు వరిమళ్లయ్యాయి, మిగిలినవి పత్తికి మారాయి.

సీడ్ పత్తి, గులాబి పురుగు

సంకర పత్తి విత్తనం పుట్టుక తెలుసుకోవాలంటే వానకాలం మధ్యలో గద్వాల చుట్టుపక్కల చేలకు పోవాలి. ఇక్కడ దాన్ని సీడ్ పత్తి అంటారు. ఆడ వరుసల్లో రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టుకుని, రేకలతో పాటు పుప్పొడి తిత్తుల్ని గోటితో ఒలిచేస్తారు. నడుమనున్న కీలాగ్రానికి గీత పడకూడదు. మర్నాడు పొద్దున మగ వరుస నుంచి పువ్వు తెంపి, దాని పుప్పొడిని ఆ కీలాగ్రం మీద రాస్తారు. దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్కో పువ్వుకు ఇంత పని. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. పిల్లలతో చేయిస్తున్నారన్న విమర్శ ఈ పంటను చాలా ఏళ్లు వెన్నాడింది. ఇలాంటి సంకర పత్తిని ప్రపంచంలో మొదట వ్యాపార స్థాయికి తెచ్చింది 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ సంకర విత్తనాల్లోకే పురుగును చంపే బీటీ ప్రోటీన్ చేసే క్రై1ఏసీ జన్యువును చేర్చారు. పురుగు పేగులో క్షార గుణం ఎక్కువ. అక్కడ ఈ ప్రోటీన్ కరిగి, పేగు గోడ మీది కాడ్‌హెరిన్ అనే గ్రాహకానికి అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. మనిషి పొట్టలో ఆమ్లం ఉంటుంది, ఆ గ్రాహకమూ ఉండదు. 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువు తోడైంది. కాయతొలుచు పురుగుల్లో శనగ పచ్చపురుగు తగ్గింది గానీ గులాబి పురుగు లొంగలేదు. గుజరాత్‌లో క్రై1ఏసీని తట్టుకునే గులాబి పురుగులు తేలాయని 2010లో మోన్‌శాంటో ఒప్పుకుంది. కొన్నేళ్లకే రెండో జన్యువూ పనిచేయడం మానింది.

పురుగు ఎలా తప్పించుకుందో 2014లో అమెరికా, భారత శాస్త్రవేత్తలు కలిసి చూపించారు. భారత చేలలో దొరికిన పురుగుల్లో కాడ్‌హెరిన్ జన్యు సందేశం రకరకాలుగా కత్తిరించి అతికించబడుతోంది. చివరికి తయారయ్యే గ్రాహకం కుంటుపడుతుంది, బీటీ ప్రోటీన్‌కు అతుక్కునే చోటు మిగలదు. అమెరికాలో ఇదే పురుగును బీటీ పత్తి, గొడ్డు చేసిన రెక్కల పురుగులను కోట్లలో వదలడం, ఫెరోమోన్ కలిపి వాడి 2018లో నిర్మూలించినట్టు ప్రకటించారు. ఇక్కడ చేను చుట్టూ బీటీ కాని పత్తి వేయమని ప్యాకెట్టుతో పాటు ఇచ్చిన విత్తనాన్ని చాలామంది వేయలేదు. సంకర విత్తనం గనుక పంట కాలం సాగి, ఏప్రిల్ దాకా చేలో మోళ్లు నిలిచి పురుగుకు కొత్త తరాలు ఎక్కువయ్యాయి.

చేలో మొదట కనిపించే గుర్తు గుడ్డి పూలు. రేకలు విచ్చుకోకుండా కొసలు ముడిపడి ఉంటాయి, లోపల చిన్న పురుగు ఉంటుంది. కాయలోకి దూరాక మందు కొట్టినా తగలదు. అందుకే ఇప్పుడు ఆశంతా రసాయన శాస్త్రం మీద. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి విడిచే వాసనను, అంటే ఫెరోమోన్‌ను, 1973లో గుర్తించి గాసిప్లూర్ అని పేరు పెట్టారు. పదహారు కర్బనాల ఎసిటేట్ ఒకటి రెండు ఆకృతుల్లో సమపాళ్లలో ఉంటే అదే గాసిప్లూర్. లింగాకర్షక బుట్టల్లో ఎరగా వాడేది దీన్నే. ఈ వాసన నింపిన తాడు ముక్కల్ని చేనంతా కొమ్మలకు కట్టే పద్ధతి మన దగ్గర ఇటీవలిది. చేనంతా వాసన నిండిపోతే మగ పురుగుకు ఆడదెక్కడుందో తెలియదు, జత కట్టడం తప్పిపోతుంది. ఒక్క రైతు కడితే ఫలితం తక్కువ, పక్క చేలలో గుడ్లతో నిండిన రెక్కల పురుగులు ఎగిరి వస్తాయి. ఊరంతా కలిసి కట్టాల్సిన మందు ఇది.

పత్తి దారానికీ పట్టు దారానికీ తేడా గద్వాల మగ్గం మీద కనిపిస్తుంది. చీర నూలుది, అంచు, కొంగు పట్టువి, రెంటినీ కుప్పడం పద్ధతిలో కలిపి నేస్తారు. నూలులో ఉన్నది సెల్యులోజ్, పట్టులో ఉన్నది ప్రోటీన్. అందుకే రెండిటికీ ఒకే రంగు ఒకే తొట్టిలో పట్టదు. 1956లో వచ్చిన రియాక్టివ్ రంగులు సెల్యులోజ్‌తో రసాయన బంధం పెట్టుకుంటాయి గనుక ఉతికినా వదలవు. పట్టుకు ఆమ్ల రంగులు నప్పుతాయి. నేతకు ముందే దారాల్ని విడివిడిగా రంగు వేసుకోవడం వెనక ఉన్నది ఈ రసాయన శాస్త్రమే.

పల్లి: నూనెలో మార్పు, బూజులో విషం

యాసంగిలో బోర్ల కింద వేసే పల్లి వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతుకు నగదు పంట. దాని అడవి పూర్వీకుల జన్యుపటాలు 2016లో, పల్లి పూర్తి జన్యుపటం 2019లో బయటపడ్డాయి. నేటి పల్లి రెండు అడవి జాతుల కలయిక, అందుకే ప్రతి జన్యువుకూ రెండు జతలున్నాయి. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ ఈ పనిలో పాలుపంచుకుంది. నూనెలో ఒలియిక్ ఆమ్లాన్ని లినోలియిక్ ఆమ్లంగా మార్చే ఎఫ్ఏడీ2 జన్యువు రెండు నకళ్లూ చెడితే నూనెలో ఒలియిక్ ఆమ్లం 80 శాతానికి చేరుతుంది. ఇలాంటి మొక్క మొదట అమెరికాలో దొరికింది. ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ ఆ లక్షణాన్ని మన రకాల్లోకి తెచ్చి గిర్నార్-4, గిర్నార్-5 పేరిట విడుదల చేశాయి. మామూలు పల్లీకి వేగంగా కనరు వాసన పట్టడానికి లినోలియిక్ ఆమ్లం గాలితో కలవడమే కారణం. కొత్త రకాల పల్లి ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక చిక్కీలు, పల్లీ వెన్న చేసేవాళ్లు దీన్నే అడుగుతారు.

రెండో సమస్య ఆఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. వాటికి పెట్టిన పల్లి పిండిలో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఈ విషాన్ని చేసిందని తర్వాత తేలింది. కాలేయంలో ఇది చురుకైన రూపానికి మారి డీఎన్‌ఏలోని గ్వానిన్‌ను పట్టుకుంటుంది, కాలేయ కేన్సర్‌కు దారితీస్తుంది. కాయలు నిండే చివరి వారాల్లో నీటి ఎద్దడి, పీకిన తర్వాత సరిగా ఎండబెట్టకపోవడం దీనికి మూలం. యూరప్ వెంటనే తినే పల్లీలో మొత్తం ఆఫ్లటాక్సిన్‌ను కిలోకు 4 మైక్రోగ్రాములకు మించనివ్వదు. మన దేశంలో పరిమితి 10 నుంచి 15. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పూజా భట్నాగర్ మాథుర్, కిరణ్ శర్మ, వారి సహచరులు రెండు ఎత్తులు వేశారు. కొన్ని పల్లి మొక్కల్లో బూజును ఆపే ప్రోటీన్‌ను పుట్టించారు, మరికొన్నిటిలో బూజు విషం చేసే జన్యువుల్ని మూయించే ఆర్‌ఎన్‌ఏను గింజలో తయారయ్యేలా చేశారు. ప్రయోగశాలలో ఈ గింజల్లో విషం దాదాపు కనిపించలేదు. జన్యుమార్పిడి మొక్కలు కనుక పొలానికి ఇంకా రాలేదు. రైతుకు దొరికే పరిష్కారం ఇప్పటికీ చివరి తడి సమయానికి ఇవ్వడం, కాయను గలగలమనేదాకా ఎండబెట్టడం.

జొన్న రొట్టె, బోరునీళ్లు

పాలమూరు పేదింట తరాలుగా తిన్నది జొన్న రొట్టె. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారిన పోషకాహార పరిశోధనశాల, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, జొన్న తినేవాళ్లలో పెల్లగ్రా జబ్బు కనిపించడాన్ని గమనించింది. ఎండ తగిలే చేతుల మీద, మెడ మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనసు కుదురు తప్పుతుంది. నియాసిన్ తక్కువైనందువల్ల వచ్చే జబ్బు ఇది. మక్కలు తినే దేశాల్లో దీని కారణం తెలిసిందే, జొన్నలో మాత్రం ఆ కారణం పూర్తిగా సరిపోలేదు. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా లాన్సెట్ పత్రికలో కొత్త వాదం పెట్టారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరి ఉండడం వల్ల శరీరం నియాసిన్‌ను తయారు చేసుకోలేకపోతోందని వారన్నారు. దానిపై తర్వాత చర్చ చాలా నడిచింది. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, జొన్న ముఖ్యాహారం కాకుండా పోయాక ఈ జబ్బు తగ్గుముఖం పట్టింది.

అరవై ఏళ్లకు ఇదే గింజ వైద్యుల మాటలో మళ్లీ వచ్చింది, ఈసారి మంచిగా. 2021లో ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ, మరికొన్ని సంస్థలు 11 దేశాల 65 అధ్యయనాలను కలిపి చూసి, మధుమేహం ఉండి జొన్న వంటి చిరుధాన్యాలు తినేవారిలో ఉపవాసంలోనూ భోజనం తర్వాతా రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గుతుందని రాశాయి.

జొన్నకు బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తోనూ లంకె ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించారు. గ్రానైట్ రాళ్ల మీద కాల్షియం తక్కువ, క్షారం ఎక్కువ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ కరిగిపోతుంది. నల్లగొండలో ఇది తీవ్రం, పాలమూరు గ్రానైట్ నేలల్లోనూ కొన్ని బోర్లలో పరిమితి దాటుతుంది. ఎముకలోని హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరితే ఎముక గట్టిపడినట్టే ఉండి పెళుసవుతుంది. 1970ల్లో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే పిల్లల్ని గమనించి లాన్సెట్‌లో రాశారు. బియ్యం తినేవారి కంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతుందని 1977లో తేల్చారు. తర్వాత ఇదే సంస్థలో అర్జున్ ఖాందారే బృందం బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. నీటిని శుద్ధి చేయడానికి నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఇప్పుడు మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద కృష్ణా నీళ్లు ఇళ్లకు రావడంతో ఆ సమస్య తీరడం నదినీళ్ల సరఫరా మీద ఆధారపడ్డది.

నల్లమల చెంచులు, జన్యుపటాలు

నాగర్‌కర్నూల్ అమ్రాబాద్ అడవుల్లో చెంచులు తరతరాలుగా ఉన్నారు. 2003లో ఎస్టోనియాలోని టార్టు శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి చెంచుల, కోయల డీఎన్‌ఏను పరీక్షించి, ఆ పాత వంశాలు కులాల్లోనూ విస్తారంగా ఉన్నాయని రాశారు. హైదరాబాద్ కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)కి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ 2009లో నేచర్‌లో ప్రచురించిన పని దీన్ని ముందుకు తీసుకెళ్లింది. తెలుగు వైశ్యులు వందకు పైగా తరాలుగా ఇతరులతో కలవకుండా పెళ్లిళ్లు చేసుకున్నారని తేలింది.

ఇది చరిత్రకే పరిమితమైన సంగతి కాదు. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఇతరుల కంటే చాలా ఎక్కువ. అలాంటివారికి ఊపిరితిత్తుల్ని నడిపే కండరాలు గంటల తరబడి లేవవు. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. సీసీఎంబీ తంగరాజ్ పాలుపంచుకున్న 2009 నాటి మరో అధ్యయనం భారతీయుల్లో సుమారు 4 శాతం మందికి గుండె కండర జన్యువులో 25 అక్షరాలు లేవని, వయసు పైబడ్డాక వారికి గుండె వైఫల్యం ముప్పు ఎక్కువని చెప్పింది. 2020లో మొదలై, 10,000 మంది భారతీయుల జన్యుపటాలు పూర్తిచేసిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు.

వరి: ఎడిట్ చేసిన గింజ

కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల కింద సాగుచేసే వరిలో సాంబమసూరి మక్కువైన రకం. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన ఈ సన్నరకానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ మూడు నిరోధక జన్యువులను ఎంచి చేర్చిన మెరుగైన సాంబమసూరి 2008లో వచ్చింది. దాని గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉండడం తర్వాత తేలింది. జన్యుమార్పిడి కాదు, గుర్తులను చూసి జతకట్టించే పద్ధతి అది.

2022 మార్చిలో కేంద్రం పరాయి జన్యువు చేర్చని రెండు రకాల జన్యు ఎడిటింగ్‌ను కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. 2025 మే 4న ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల, ఆ దారిలో వచ్చింది. సాంబమసూరిలో గింజల సంఖ్యను తగ్గించే సీకేఎక్స్2 అనే జన్యువును రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఎడిట్ చేశారు. దిగుబడి 19 శాతం దాకా పెరుగుతుందని, పంట 20 రోజులు ముందే కోతకు వస్తుందని వారు చెప్పారు. కోతకు 20 రోజులు ముందే వస్తే కాలువ కింది మళ్లలో కొన్ని తడులు మిగులుతాయి, ఆ మడిలోనే యాసంగి పల్లి వేసుకునే గడువు కూడా దొరకవచ్చు. ఎడిటింగ్ పనిముట్టు మీద విదేశీ సంస్థలకు పేటెంట్లు ఉన్నందువల్ల కమల విత్తనం మార్కెట్ దుకాణాలకు చేరేముందు లైసెన్సు ప్రశ్న తేలాలి, ఆపై విత్తనోత్పత్తి చేలలో గింజల్ని పెంచాలి.